శుక్రవారం అప్డేటు

మా కొబ్బరి రైతుల సంఘానికి ఆస్తులు మూడు. పూండి స్టేషనుకి వెళ్ళే దారిలో ఒక రేకుల గది, అందులో ఒక కంప్యూటరు, దాన్ని చూసుకుని మురిసిపోయే ఒక ప్రెసిడెంటు. ఈ మూడింటిలో చెప్పిన మాట వినేది రేకుల గది ఒక్కటే. అది కూడా వానొస్తే కారుతుంది.

ప్రెసిడెంటు పేరు జగన్మోహనరావు. వరసకి నాకు అల్లుడు. అందుకే నన్ను మావా అంటాడు, నేను ఏమన్నా పడతాడు. కంప్యూటరు నడిపే గుమస్తా ధనుంజయ్. పురోహితుల ఇంటి పిల్లాడు, టెక్కలిలో డిగ్రీ చదివాడు, గట్టిగా మాట్లాడితే గాలికి నొప్పి పుడుతుందేమో అన్నంత నెమ్మదస్తుడు. కొనే సాఫ్ట్‌వేర్లు మనకెందుకని వాడు అందులో లైనక్స్ ఎక్కించాడు. ఊరికే వస్తుందండీ, దొంగ సరుకు కాదండీ, పైగా వారం వారం కొత్త ప్యాకేజీలు పంపుతారండీ అని ప్రెసిడెంటుకి చెప్పాడు. ఆ ఆఖరి ముక్క చెప్పకుండా ఉండాల్సింది.

వారం వారం కొత్తది అనేసరికి మా అల్లుడికి సంతకి వెళ్ళినంత సంబరం వచ్చింది. ఆ లైనక్సు తయారుచేసేవాళ్ళు ప్రతి శుక్రవారం ఏమేం మార్చారో ఒక జాబితా పెడతారట. ఇంకేం, ప్రతి శుక్రవారం పదింటికి సంఘం సమావేశం. ధనుంజయ్ ఆ జాబితా పైకి చదవాలి, ముప్పై మంది కొబ్బరి రైతులు చేతులు కట్టుకుని వినాలి. ఫలానా బ్రౌజరు ఫలానా నంబరుకి పెరిగింది, ఫలానా ప్రింటరు ప్యాకేజీలో దోషం పోయింది, యంత్రానికి గుండెకాయలాంటి కెర్నెల్ కొత్తది వచ్చింది. మా వెంకటేష్ పదేళ్ళు పలాస జీడి ఫ్యాక్టరీలో చేసినవాడు, అక్కడ జీడిపప్పుని కెర్నెల్ అంటారు. కెర్నెల్ మాట వినగానే, "గుండా, బద్దా?" అని అడిగాడు. ప్రెసిడెంటు ఉరిమి చూశాడు.

"సెట్లకి తెల్లదోమ పట్టింది అల్లుడూ. దానికేటైనా అప్డేటు ఉందేటి?" అన్నాను నేను.

"మావా, నీకు తెలీని ఇసయాల్లో ఏలు పెట్టకు. పక్క మండలం సంఘాల్లో సూడు, ఇంకా పాత కంప్యూటర్లే. మనం వారానికోపాలి కొత్తైపోతన్నాం."

నేను వాడిని ఎగాదిగా చూశాను. బొజ్జ పాతదే, మాటా పాతదే.

ఇంతలో తుపాను వచ్చింది. నా చిన్నప్పటి తుపానుతో పోలిస్తే ఇది దగ్గు కిందే లెక్క. అప్పుడు మా పెరట్లో బావి లేచి వజ్రపుకొత్తూరు వెళ్ళిపోయింది. మూడు నెలలు మా అమ్మ బిందె పట్టుకుని అక్కడికే వెళ్ళి, మా బావి మా ఇష్టం అని దబాయించి నీళ్ళు తోడుకొచ్చింది. నమ్మకపోతే మీ ఖర్మ. కాని దుర్గాంబ చెట్ల సంగతి మాత్రం నమ్మాలి, అది నేను కల్పించింది కాదు. ఆవిడకి ఉన్నవి నలభై కొబ్బరిచెట్లు. ముప్పై ఎనిమిది పడిపోయాయి.

దుర్గాంబ జగన్మోహనరావుకి వరసకి వదిన. మొగుడు పోయి ఎనిమిదేళ్ళు. ఆ తోటే ఆవిడ బతుకు. తోటకి ఆనుకుని మా అల్లుడి రొయ్యల చెరువు. చెట్లు పడిన మర్నాడే వెళ్ళి పరామర్శించాడు. పరామర్శంటే, "వదినా, ఖాళీ నేల ఉంచుకుని ఏటి సేత్తావు, సెరువులో కలిపీ" అనడం.

"ఉప్పునీళ్ళు ఒక్కపాలి ఎక్కితే అది మరి నేలవుతాదేటి మరిదీ? నా కంటి ముందట కానీను" అని పంపించేసింది.

సర్కారు నర్సరీ వాళ్ళు చెట్లు పోయినవాళ్ళకి మొక్కలిస్తామన్నారు. సంఘం జాబితా కంప్యూటరులో పంపాలి. గడువు ఒక శుక్రవారం సాయంత్రం ఐదు. తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే. ఏడాదిపాటు ఖాళీ నేలని మా అల్లుడి పక్కన ఉంచడమంటే పిల్లి ముందు పాలగిన్నె పెట్టి తీర్థయాత్రకి వెళ్ళడం.

ఆ శుక్రవారం ధనుంజయ్ తొమ్మిదింటికే వచ్చాడు. "ముందు మొక్కల జాబితా పంపించేస్తానండి" అన్నాడు.

"ముందు అప్డేటు. పాత సరుకుతో సర్కారుకి పంపుతామేటి? నవ్వుతారు."

పదింటికి మార్పుల జాబితా చదివాడు, ఆపైన అప్డేటు మొదలైంది. మా ఊరి నెట్టు సంగతి తెలిసిందే, నత్త ముందుపోయి దారి చూపాలి. తెరమీద గీత ముప్పాతిక దాకా పాకేసరికి ప్రెసిడెంటు గోడమీది కేలండరు చూశాడు.

"ఓర్నాయనో, పదిన్నరకి రాహుకాలం! ఆపీ!"

"మధ్యలో ఆపకూడదండి. రాహుకాలంలో మొదలెట్టకూడదు గాని, మొదలెట్టినది ఆపమని ఏ శాస్త్రంలోనూ లేదండి. కావలిస్తే మా నాన్నగారిని అడగండి."

"కెర్నెల్ ఎక్కతన్నాదిరా అక్కడ! రాహువులో ఎక్కితే ఎవుడు పూసీ?" అని ఒక్క అంగలో వెళ్ళి తీగ లాగేశాడు.

తాతలనాటి పురోహితుల ఇంట పుట్టిన కుర్రాడు వద్దంటుంటే, తిథి వారం కూడా సరిగ్గా తెలియని మా వాడికి రాహువు కనపడ్డాడు. మళ్ళీ తీగ పెట్టి మీట నొక్కితే తెర నల్లగా అయి, దానిమీద తెల్ల అక్షరాలు నాలుగు వరసలు వచ్చి ఆగిపోయాయి. అంతే. ఇంక కదల్లేదు.

"సూశారా? నాను ఆపబట్టి ఇంతతో పోనాది" అన్నాడు ప్రెసిడెంటు. ముప్పై మంది తలలూపారు. మా రైతుల తలలకి ఊగడం గాలి నేర్పిన విద్య.

పదకొండింటికి దుర్గాంబ వచ్చింది. గుమ్మంలో నిలబడి, "జాబితా ఎల్లిపోనాదేటి బాబూ?" అని అడిగింది. ధనుంజయ్ మొహం చూసి లోపలికి వచ్చేసింది.

"సగంలో ఆగిపోయిందండి. కాని భయం లేదు. కొత్త కెర్నెల్ ఎక్కించినా పాతదాన్ని తీసెయ్యరండి, ఇలాంటి ఆపద కోసమే ఉంచుతారు. మొదట్లో వచ్చే వరసలో పాతదాన్ని ఎంచుకుంటే యంత్రం లేస్తుంది. ఆ తరవాత సగంలో ఆగినవి సర్దుకోవాలి. అంతా కలిపి ఒక గంట."

"అయితే బేగి ఎంచుకో."

"రాహుకాలం పోనీ వదినా" అన్నాడు ప్రెసిడెంటు.

పన్నెండయింది, రాహుకాలం పోయింది. ధనుంజయ్ చెయ్యి చాచాడు. ఇంతలో దుర్ముహూర్తం వచ్చింది. ఒకటింబావు దాకా అది. దాని తోక పట్టుకుని వర్జ్యం వచ్చింది, పావు తక్కువ మూడు దాకా. ఆ తరవాత పావుగంట మంచిదే, కాని మా అల్లుడు అప్పుడు భోజనం చేసి కునుకు తీస్తున్నాడు, తను లేకుండా ముట్టుకోవద్దని చెప్పి పడుకున్నాడు. లేచేసరికి మూడు, యమగండం. నాలుగున్నర దాకా.

"నాలుగున్నర తరవాత సూద్దాం" అన్నాడు, ఆవలిస్తూ.

"గంట పని ఉందండి. ఐదుకి గడువండి" అన్నాడు ధనుంజయ్.

"నానేటి సెయ్యను? టైములు నాను రాశానేటి?"

మా అల్లుడు ఇదంతా కావాలని చేశాడని నేను అనను. అంత ముందుచూపు ఉంటే వాడు ఎమ్మెల్యే అయిపోయేవాడు. కాని తాటిపండు తనంతట తానే పడితే, నోరు తెరుచుకుని కింద పడుకునే తెలివి మాత్రం ఉంది.

దుర్గాంబ గోడ దగ్గరికి వెళ్ళింది. కేలండరు కాగితం వెనక్కి తిప్పింది, తుపాను వచ్చిన నెలకి.

"మరిదీ, ఇటు సూడు. నా సెట్లు పొద్దున్న తొమ్మిదికి పడ్డాయి గదా. ఆ రోజు తొమ్మిదికి ఏటున్నాదో సదువు."

వాడు చూసి పక్కకి జరిగాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను: "అమృత ఘడియలు."

"ఇన్నావా? ముప్పై ఎనిమిది సెట్లు, అమృత ఘడియల్లో ఎల్లిపోనాయి. నీ మంచి టైము నువ్వే దాసుకో." కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. "పంతులుబాబూ, ఏ మీట నొక్కాల? నువ్వు ముట్టుకోకు. యమగండమేదో నా నెత్తిమీదే పోనీ."

ధనుంజయ్ ప్రెసిడెంటు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "ముందు ఆ తీగ తీసి మళ్ళీ పెట్టండి. ఇప్పుడు ఈ కింది బాణం రెండు సార్లు... ఇంకా... ఆఁ, ఇక్కడ. ఇప్పుడు ఈ పెద్ద మీట."

నొక్కింది. అక్షరాలు పరుగెత్తాయి. తెర వెలిగింది.

"పాతదాని మీద నడుపుతారేటి సంఘాన్ని! బయట తెలిస్తే పరువేటవుతాది?" అన్నాడు మా అల్లుడు.

"నీ పరువుకి ఆఖరి అప్డేటు ఎప్పుడొచ్చిందిరా?" అన్నాను.

ధనుంజయ్ కూర్చుని సర్దడం మొదలుపెట్టాడు. నాలుగుంబావుకి జాబితా తెరుచుకుంది. వాడు పంపడానికి సిద్ధమవుతుంటే దుర్గాంబ ఆపింది.

"నా పేరు దగ్గర ఏటి రాశావో సదువు."

వాడు మెడ వంచుకున్నాడు.

"సదువు బాబూ."

"దుర్గాంబ. పడిన చెట్లు ముప్పై ఎనిమిది. ఇవ్వవలసిన మొక్కలు సున్నా. కారణం... భూమి రొయ్యల చెరువుకి ఇస్తున్నారు."

దుర్గాంబ తెరమీదికి వంగింది.

"ఎవులు సెప్పారు నీకు?"

"ప్రెసిడెంటుగారండి. నిన్న. మీరు ఒప్పుకున్నారని చెప్పారండి."

"ఇయ్యాల కాకపోతే రేపైనా ఒప్పుకుంటావు గదా వదినా" అన్నాడు జగన్మోహనరావు, నవ్వు మొహం పెట్టి. "పని తప్పుతాదని ముందే..."

ముప్పై మందిలో ఒక్కడూ నోరెత్తలేదు. అందరి మొక్కలూ ఆ జాబితాలోనే ఉన్నాయి మరి. వెంకటేష్ తన కాలి బొటనవేలిని అంత శ్రద్ధగా చూడడం నేను అంతకుముందు ఎరగను. నేను మాత్రం ఏం చేశాను? పొద్దుటి నుంచి ఎగతాళి చేశాను. ఎగతాళికి మొక్కలు మొలవవు.

ధనుంజయ్ ఆ సున్నా చెరిపాడు.

"ఏటి సేత్తన్నావు?" అని అరిచాడు ప్రెసిడెంటు. "నా మాట కాదని రాశావంటే రేపట్నుంచి నీకు ఇక్కడ పన్లేదు!"

"అలాగేనండి" అన్నాడు కుర్రాడు. అంకెలు వెతుక్కుని ముప్పై ఎనిమిది కొట్టాడు. కారణం అంతా తుడిచేశాడు. పంపేశాడు. నాలుగు ఇరవై ఏడు. యమగండం ఇంకా మూడు నిమిషాలుంది. అందినట్టు నంబరు వచ్చింది. దాన్ని కాగితంమీద వేసి దుర్గాంబ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

"పార పట్టడం వచ్చేటి నీకు?" అని అడిగింది.

"రాదండి."

"పన్లేదంటన్నాడు గదా. రేపు తోటకి రా. నేర్పుతాను. మొక్కలొచ్చే లోపల మూడడుగుల గుంతలు తీసి ఎండబెట్టాల."

మర్నాడు వెళ్ళి చూశాను. వాడు బనీనుతో గుంత తవ్వుతున్నాడు, చేతులు బొబ్బలెక్కాయి. నేను గట్టుమీద కూర్చుని, వంకరగా వస్తోందని తప్పులు పడుతున్నాను. పదకొండింటికి చెరువు గట్టు మీద నుంచి జగన్మోహనరావు దిగి వచ్చాడు. ముందు ఎండ గురించి మాట్లాడాడు, తరవాత దగ్గాడు.

"ఒరే ధనుంజయ్, ఆ కంప్యూటరు ఏదో అడుగుతన్నాది. పాస్‌వర్డంట. ఏటది?"

కుర్రాడు జవాబు చెప్పబోయాడు. దుర్గాంబ చెయ్యి అడ్డం పెట్టింది.

"సెప్తాడు మరిదీ. ఆ మూలన గుంత ఒకటి మిగిలిపోనాది. నువ్వది తీసే లోపల గుర్తు తెచ్చుకుంటాడు."

జగన్మోహనరావు నా వంక చూశాడు. నేను సముద్రం వంక చూశాను. చివరికి లుంగీ ఎగ్గట్టి పార అందుకున్నాడు. గంటసేపు తవ్వాడు. మా అల్లుడు కదా అని గొప్ప చెప్పను. కొలిచి చూశాను, అడుగున్నర కూడా లేదు.