సన్న తీగల ఎర్ర బటన్

అచ్చుల మేస్త్రికి చెవులు పోయి ఎనిమిదేళ్ళయింది. గట్టిగా అరిస్తే తప్ప ఏమీ అందదు. సబ్బుల కంపెనీలకు ఇనప అచ్చులు చెక్కుతూ నలభై ఏళ్ళు మిషన్ల రొదలో బతికితే, చెవులు మాత్రం ఎన్నాళ్ళని ఓర్చుకుంటాయి? ఆయన దానికి పెద్దగా బెంగపడలేదు. ఎడమ అరచెయ్యి మిషన్ బల్ల మీద ఆనించి, ఆ వణుకుని బట్టి ఇనుము చెక్కే కట్టరు సాఫీగా పోతోందో మొండికేస్తోందో చెప్పేసేవాడు. నిరుడు కుడి భుజం కూడా మొరాయించింది. హ్యాండిళ్ళు తిప్పలేక పని ఆగిపోయింది. పని లేని మేస్త్రి ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేశాడు.

అది చూడలేకే పెద్దమ్మాయి చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ విడిభాగాలు తెప్పించింది. అందులో హ్యాండిళ్ళు తిప్పే పని మోటార్లది, వాటికి దారి చెప్పే పని కంప్యూటర్‌ది. ఆమె ఉద్యోగం లిఫ్టుల కంట్రోల్ ప్యానెళ్ళకు వైరింగ్ చెయ్యడం. ఆమె కట్టిన తీగలు దువ్విన జడలా ఉంటాయని పేరు. "మా అమ్మాయి వైరింగు చేస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అని మేస్త్రి కనబడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు, తన గొంతు తనకి వినబడదు కాబట్టి వీధంతా వినేటట్టు.

సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికే వారం పట్టింది. ఒకటి ఉచితమే గానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఇంకోటి గట్టిదే, కాకపోతే దాని కోసం కంప్యూటర్ని మొదట్నుంచీ మార్చుకోవాలి. మూడోదాంట్లో అక్షరాలు పెద్దవి, కట్టరు ఎక్కడుందో బొమ్మలో కనిపిస్తుంది. పాత కంప్యూటర్ల మీద అది అప్పుడప్పుడూ బిగుసుకుపోతుందని వాడినవాళ్ళు రాశారు. చెవులు లేని మనిషికి కళ్ళకైనా సుఖం ఉండాలి కదా అని ఆమె దాన్నే పెట్టింది.

ఇక ఎర్ర బటన్. ప్రమాదం వస్తే నొక్కి మిషన్ని ఆపేది. అది కరెంటునే తెంపెయ్యాలి. అందుకు మధ్యలో కాంటాక్టర్ అనే లావుపాటి స్విచ్చి కావాలి. ఆఫీసులో ఎవరైనా ఇందులో అడ్డదారి తొక్కితే చెడామడా తిట్టేది ఆమే. ఇంటి పనికొచ్చేసరికి ఆ నీతులన్నీ గాలికి పోయాయి. కాంటాక్టర్ ఇంకా రాలేదు, నాన్నేమో పొద్దున్నుంచీ పక్కనే నించుని "అయిందా, అయిందా" అని చంపుతున్నాడు. బటన్ నుంచి రెండు సన్న తీగలు, కంప్యూటర్ మాట మోటార్లకు అందించే బోర్డుకు లాగేసింది. ఇప్పుడు బటన్ నొక్కితే కంప్యూటర్‌కు కబురు వెళ్తుంది, ఆపితే అదే ఆపాలి. ఆదివారం సరిగ్గా కడదాంలే అనుకుంది. కాంటాక్టర్ వచ్చింది, ఆదివారాలు రెండు వెళ్ళిపోయాయి, డబ్బా మాత్రం అల్మరాలోనే ఉంది.

మూడోవారం ఒక సాయంత్రం ఆయన అచ్చు చెక్కుతున్నాడు. ఎడమ అరచెయ్యి అలవాటుగా బల్ల మీద, చూపు తెరమీది బొమ్మ మీద. బొమ్మలో కట్టరు అవతలి మూల ఉంది. నిజానికి కంప్యూటర్ బిగుసుకుపోయింది. బోర్డు మాత్రం అప్పటికే అందిన పని చేసుకుపోతోంది, కట్టరు ఇవతలికి, ఆయన చేతి వైపుకి వస్తోంది. పెద్దమ్మాయి చూసి బటన్ మీద బలమంతా పెట్టి నొక్కింది. ఆగలేదు. మళ్ళీ నొక్కింది. గోడలోంచి ప్లగ్గు పీకేసరికి కట్టరు ఆయన చిటికెన వేలికి బెత్తెడు దూరంలో ఉంది.

ఆయన నెమ్మదిగా చెయ్యి తీసుకున్నాడు. "నువ్వు బటన్ నొక్కాక కూడా చేతికి వణుకు తెలిసిందే" అన్నాడు.

"నొక్కగానే ఆగింది నాన్నా. నీకలా అనిపించిందంతే" అంది గట్టిగా.

"అంతేనా. నా చేతికీ వయసైపోతున్నట్టుంది" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె కాంటాక్టర్ డబ్బా తీసేలోగా సబ్బుల కంపెనీ మనిషి వచ్చాడు. మేస్త్రి ఉత్సాహంగా మిషన్ వేసి, అతని చెయ్యి పట్టుకుని తన చెయ్యి పక్కనే బల్ల మీద పెట్టాడు. "భయపడకండి. ఆ ఎర్ర బటన్ ఉందిగా. మా అమ్మాయి వైరింగు."

"నాన్నా, ఆపు" అంది ఆమె. వినబడలేదు. చెవిటివాడికి చెవిలో చెప్పుకునే దారి లేదు. ప్లగ్గు పీకి, వీధివాకిట్లో వాళ్ళు కూడా తిరిగి చూసేటట్టు అరిచింది.

"బటన్ తప్పు కట్టాను నాన్నా. నొక్కినా ఆగదు. నిన్న నొక్కగానే ఆగిందన్నది అబద్ధం. ప్లగ్గు పీకితే ఆగింది."

వచ్చినతను మళ్ళీ కనబడతానని చెప్పి వెళ్ళిపోయాడు. మేస్త్రి స్టూలు మీద కూర్చుని తన ఎడమ అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"తిట్టు నాన్నా" అంది అదే గొంతుతో.

"నాకు మిగిలింది ఇదొక్కటే కదమ్మా" అన్నాడు ఆయన, చెయ్యి చూపించి. "ఇది నిజం చెప్పింది. నీ మాట నమ్మి నేను దీన్ని అనుమానించాను."

ఆ మధ్యాహ్నమే ఆమె సన్న తీగలు పీకేసి కాంటాక్టర్ కట్టింది. ఇప్పుడు బటన్ నొక్కిన క్షణంలో మిషన్‌కు కరెంటు పోతుంది. ఆయన రోజూ పొద్దున్నే మిషన్ని ఖాళీగా తిప్పి, ఎడమ అరచెయ్యి బల్ల మీద ఆనించి, కుడిచేత్తో ఎర్ర బటన్ నొక్కి చూస్తాడు. వణుకు పూర్తిగా చచ్చేదాకా చెయ్యి తియ్యడు. తర్వాతే పని మొదలుపెడతాడు. పెద్దమ్మాయి ఆ కాసేపూ గుమ్మంలో నించుని, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్తుంది. ఆమె వైరింగు గురించి ఆయన ఇప్పుడు వీధిలో ఎవరికీ ఏమీ చెప్పడం లేదు.