కోజీ గది తలుపు బయట

"మూడు పేజీలేనా? అయిదు కావాలన్నాను కదా. వ్యాపారుల సంఘంలో గంటసేపు మాట్లాడాలి."

"రాయనని నిన్ననే చెప్పాను. ఆ మూడూ పాతవి. ఎప్పుడో ఇంటర్నెట్‌లో మన దుకాణం పేజీలో పెట్టినవి."

"పాతవైతేనేం, ఇంకో రెండు కలుపు. మధ్యమధ్యలో నవ్వొచ్చే మాటలు కూడా పెట్టు. జనం నిద్రపోతారు."

నా భర్త నవోఫుమి ఇదంతా అన్నం గిన్నెలోంచి తల ఎత్తకుండానే అన్నాడు. వారం మొదట్లో మొదలైన వాదన ఇది. పొద్దున తినేటప్పుడు కొంచెం, రాత్రి స్నానానికి వెళ్లే ముందు కొంచెం చొప్పున సాగుతోంది. మా అత్తయ్య ఫుసయే ముల్లంగి ఊరగాయ ఆయన వైపు జరిపి, నా వైపు చూడకుండా అంది: "మగవాడు నలుగురిలో లేచి నిలబడబోతున్నాడు షిహో. ఇంట్లోవాళ్లు ఆ మాత్రం సాయం చెయ్యకపోతే వీధిలోవాళ్లు వచ్చి చేస్తారా?"

సాయం. ఈ ఇంట్లో నేను చేసే ప్రతి పనికీ అదే పేరు. వంట సాయం, దుకాణం సాయం, అత్తయ్య మోకాళ్లకి సాయం. సువా సరస్సు ఒడ్డున, సోయా గింజల్ని పులియబెట్టి చేసే మిసో ముద్ద అమ్మే మా దుకాణం తరతరాలుగా ఉంది. ఇంటర్నెట్‌లో దానికి పేజీ మాత్రం నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాకే పుట్టింది. పెళ్లికి ముందు నగోయాలో ఒక ప్రకటనల ఆఫీసులో పనిచేసేదాన్ని. డబ్బాల మీద, పెట్టెల మీద ఉండే మాటలు రాయడం నా ఉద్యోగం. మా అమ్మాయి మదోక కడుపులో పడ్డాక ఆఫీసు మానేశాను. మానేశావా, మాన్పించారా అని ఇప్పటివరకు ఎవరూ అడగలేదు. దుకాణానికి జనం రావడం తగ్గిపోయిన ఒక చలికాలంలో, పిల్ల నిద్రపోతున్నప్పుడు కూర్చుని ఆ పేజీ తయారుచేశాను. ఫోటోలు నేనే తీశాను. గోధుమరంగు ముద్దని నోరూరేలా చూపించడం తేలిక కాదు. మబ్బు పట్టిన రోజు కిటికీ దగ్గర పెట్టి, పక్కన తెల్లటి తోఫు ముక్క ఉంచితే గాని దానికి ప్రాణం రాదు. జనం ఏ మాటలు కొట్టి వెతుకుతారో నేర్చుకున్నాను. సీసా పగిలి వచ్చిందని తిట్టేవాళ్లకి జవాబు రాసి, వాళ్ల చేతే మళ్లీ కొనిపించాను. అన్నిటికంటే ముఖ్యంగా, రోజూ పొద్దున్నే ఒక చిన్న పేరా రాశాను. కింద సంతకం ఎప్పుడూ 'యజమాని' అనే.

అలా రాయమన్నది అత్తయ్యే. "మిసో కొనేవాళ్లకి వెనకాల ఒక ముదురు చెయ్యి ఉందన్న నమ్మకం కావాలి. కోడలు రాస్తోందని తెలిస్తే వంటింటి కబుర్లనుకుంటారు," అంది. అందుకని నేను మగవాణ్ణయ్యాను. యాభై దాటి, కాస్త చిరాకు, కాస్త చమత్కారం ఉన్న మనిషినయ్యాను. మంచు కురిస్తే నడుము పట్టేసిందని రాసేవాణ్ణి. జనానికి ఆ ముసలాయన తెగ నచ్చేశాడు. 'యజమానిగారూ, మీ చేతులు ఒక్కసారి చూడాలని ఉంది' అని ఒకామె రాసింది. ఆమె ఉత్తరం చదివేటప్పుడు నా చేతులకి గిన్నెలు తోమిన సబ్బు నురగ ఉంది.

వాళ్లందరికీ ఎక్కువ నచ్చింది కోజీ గది. ఉడికిన బియ్యానికి కోజీ బూజు పట్టించే వెచ్చటి గది అది. మిసోకి రుచి పుట్టేది అక్కడే. ఆడవాళ్లు అడుగు పెడితే బూజు చెడిపోతుందని పోయిన మామగారి మాట. ఇవాళ్టికీ ఆ తలుపు నాకు మూసే ఉంటుంది. నేను తలుపు బయట తువ్వాలు పట్టుకుని నిలబడతాను. నవోఫుమి బయటికి వచ్చినప్పుడు చొక్కా మీంచి కాల్చిన చెస్ట్‌నట్ కాయల వాసన వస్తుంది. "లోపల ఎలా ఉంది?" అంటాను. "ఎలా ఉంటుంది? వేడిగా ఉంది," అంటాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని, ఆ వాసన పట్టుకుని, గింజ మీద మొదటి తెల్లటి నూగు ఎలా వస్తుందో, చెయ్యి పెడితే బియ్యం ఎలా ఊపిరి తీస్తుందో పేజీలు పేజీలు రాశాను. చదివి కళ్లు చెమర్చాయని రాసినవాళ్లున్నారు.

పోయిన శరదృతువులో, మదోక పెద్ద స్కూలుకి వెళ్లాక, ఇంటి నుంచి చేసే ఒక ఉద్యోగానికి అర్జీ పెట్టాను. చిన్న దుకాణాలకి ఇంటర్నెట్‌లో అమ్మడం నేర్పే సంస్థ అది. ఇంటర్వ్యూ కోసం తెర మీద కనిపించిన అమ్మాయికి నాకన్నా చాలా తక్కువ వయసు. మర్యాదగానే మాట్లాడింది. మధ్యలో ఇన్నేళ్లు ఏం చేశారని అడిగితే మా పేజీ చూపించాను. ఆమె ముఖం వెలిగిపోయింది. "అయ్యో, ఈయన నాకు తెలుసు! మా అమ్మ రోజూ చదువుతుంది. ఎంత బాగా రాస్తారో! మరి ఇందులో మీరు చేసిన సాయం ఏమిటి?" అంది. నేనే రాశానని చెప్పాను. ఆమె నవ్వు అలాగే ఉంది గాని, కళ్లలో ఏదో కదిలింది. నన్ను భర్త పనిని తనదని చెప్పుకునే ఆవిడ అనుకుంది. ఉద్యోగం రాలేదు.

ఆ రోజు నా పేరు కొట్టి నేనే వెతుక్కున్నాను. పుట్టింటి ఇంటిపేరుతో వెతికితే స్కూల్లో ఆడిన బ్యాడ్మింటన్ పోటీ ఫలితం వచ్చింది. రెండో రౌండులో ఓడాను. పెళ్లితో వచ్చిన ఇంటిపేరుతో వెతికితే అదీ లేదు. ఇన్ని వేల మందికి రోజూ పొద్దున పలకరింపు చెప్పిన మనిషిని, ఎక్కడా లేను. చాలాసేపు ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని నా పేరుతో ఒక పేజీ తెరిచాను. నేను చేసిన పని, చేసే పద్ధతి అక్కడ వారానికొకటి పెట్టాను. నెలల తరబడి ఎవరూ పలకలేదు. ఆ తర్వాత బట్టలకి నీలిరంగు అద్దే ఒకావిడ రాసింది, తన దుకాణానికి మాటలు రాసిపెట్టమని. ఆమె ఇంకొకామెకి చెప్పింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే, దుకాణానికి సాయం చేస్తున్నాననే అనుకుంటారు.

ఇంతలో జిల్లా వ్యాపారుల సంఘం నుంచి ఈ పిలుపు. అంత చక్కటి పేజీ నడిపే యజమానిగారు వచ్చి, తోటి దుకాణదారులకి మెళకువలు చెప్పాలట. నవోఫుమి సరేనన్నాడు. నన్ను అడగను కూడా లేదు. ఆయన చెడ్డవాడు కాడు. పేజీ దుకాణానిది, దుకాణం తనది కాబట్టి పేజీ తనదేనని నిజంగానే నమ్ముతున్నాడు. కానీ జిల్లా అంతా కూర్చున్న హాల్లో ఆయన నా మాటలు చదివి చప్పట్లు కొట్టించుకున్నాక, అవి నావని ఎవరితో చెప్పుకోను? ఆ తెర మీది అమ్మాయిలాగే అందరూ నవ్వుతారు.

చలికాలపు మిసో వేసే రోజు వచ్చింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ పనిలో ఉండాలి. నవోఫుమి అక్క సతోయె వదిన కూడా వచ్చింది. ఉడికించి నలిపిన సోయా గింజల్లో కోజీ, ఉప్పు కలిపి అందరం ఉండలు చేస్తున్నాం. ఉండని గట్టిగా విసిరి పీపాలో కొట్టాలి. లోపల గాలి మిగిలితే మిసో పాడవుతుంది.

"చిన్నప్పుడు సెలవుల డైరీలో 'ఎండగా ఉంది' అని తప్ప రాసేవాడు కాదు వీడు. నెలంతా అదే," అంది వదిన ఉండ విసురుతూ. "ఇప్పుడు చూడు, ఉపన్యాసాలు!"

"అప్పుడు విషయం లేదక్కా," అన్నాడు నవోఫుమి, మెడ దాకా ఎర్రబడి.

"నీ కోటు ఇస్త్రీకి ఇచ్చిందా మరదలు? లేక అదీ నువ్వే చేసుకోవాలా?"

అందరూ నవ్వారు. అప్పుడే మదోక ఏప్రాన్ జేబులో ఫోను మోగింది. చేతులు తుడుచుకుని చూసింది. మళ్లీ చూసింది. "అమ్మా," అంది, "మన పేజీలో ఇవాళ్టి పోస్టు కింద నీ పేరుందేంటి?"

"ఏం రాసుందో చదువు," అన్నాను.

పిల్ల గొంతు సవరించుకుంది. "'ఇన్నేళ్లుగా మీకు రోజూ పొద్దున రాస్తున్న యజమాని లేడు. నా పేరు షిహో. ఈ ఇంటి కోడలిని. కోజీ గది గురించి మీకు అన్ని మాటలు చెప్పాను గాని, ఆ గదిలోకి నన్ను ఒక్కసారి కూడా రానివ్వలేదు.'"

నవోఫుమి పీపా దగ్గర్నుంచి ఇటు తిరిగాడు.

"తీసెయ్," అన్నాడు నవోఫుమి. "ఇప్పుడే తీసెయ్. పరువు పోతుంది."

"ఎవరి పరువు?"

"దుకాణం పరువు! నాన్నగారి పేరు! జనం ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటున్నారో కింద రాస్తున్నారు నాన్నా," అంది మదోక, తెర మీంచి కళ్లు తియ్యకుండా. "ఒకావిడ... 'ఇన్నాళ్లూ ముసలాయన్ని ప్రేమించాను, మీరైతే ఇంకా మంచిదే' అంటోంది."

వదిన నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది. అత్తయ్య చేతిలోని ఉండని పళ్లెంలో పెట్టేసింది. "మీ మామగారు ఉండి ఉంటే ఇలా జరిగేదా?"

"మామయ్యగారు ఉన్నప్పుడు అమ్మకాలు ఎలా ఉండేవో మీకు తెలుసు అత్తయ్యా."

నేను మరో ఉండ చేశాను. రెండు అరచేతుల మధ్య గట్టిగా నొక్కాను, ఎక్కడా గాలి లేకుండా.

"సంఘంవాళ్లకి కూడా పొద్దున్నే రాశాను. అసలు ఫోటోలు, ఏది ఎప్పుడు తీశానో, అన్నీ పంపాను. వాళ్లు మాట్లాడేవాళ్ల పేరు మార్చారు. శనివారం హాల్లో నేను మాట్లాడతాను. మీరు రావాలనుకుంటే ముందు వరసలో కూర్చోండి."

"మరి నేనేం చెప్పాలి వాళ్లకి?" అన్నాడు నవోఫుమి. అంత పెద్ద మనిషి, చేతుల నిండా సోయా ముద్దతో, నిజంగానే తెలియక అడిగాడు.

"ఎండగా ఉందని చెప్పు," అంది వదిన.

నేను ఉండ విసిరాను. పీపా అడుగున దబ్బున మోగింది. రేపు తెల్లవారుజామున కొత్త విడత బియ్యం కోజీ గదిలోకి వెళ్తుంది. ఆ గది తలుపు పక్కన నా తువ్వాలు తగిలించే మేకు వైపు ఒకసారి చూసి, అందరికీ వినపడేలా, నెమ్మదిగా చెప్పాను.

"రేపటిది లోపలి నుంచి రాస్తాను."