కొంగు ముడిలో వాము

ఈ పొద్దు మబ్బు కిందికి దిగి ఉంది గాని వాన లేదు. కాగ్నా వాగు వైపు ఆకాశం తడిసిన బూడిదలా ఉంది. కట్టెలు అంటుకోవడం లేదు. పొయ్యి ఊదుదామని వంగేసరికి గొంతులోకి పులుపు ఎగదన్నింది. మింగేశాను. మింగడం నాకు అలవాటే.

మా ఇంట్లో జొన్నరొట్టె పెనం మీది నుంచి సరాసరి మగవాళ్ళ పళ్ళెంలోకి పోవాలి. ముందు మామకు, తర్వాత నా పెనిమిటికి, తర్వాత మరుదులిద్దరికి. ఆపైన పాలేర్లకు సద్ది కట్టాలి, పశువుల కొట్టం ఊడ్వాలి. నా వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటుతుంది. గట్టిపడ్డ రొట్టె, ఎర్రకారం, కుండ అడుగున ఇంత పప్పు. అప్పటికి ఆకలి చచ్చి దాని చోట మంట కూర్చుని ఉంటుంది. మొన్న నాకు తేన్పు ఆగలేదు. "గా తేన్పులేంది? ఎవలన్న ఇంటె రోజూ బూరెలు పెడుతున్నమనుకుంటరు," అన్నాడు మామ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కంది చేన్లో కలుపు తీస్తూ రెండుసార్లు కూలబడితే మాత్రం ఎవరూ నవ్వలేదు. పని ఆగుతుందని నా పెనిమిటి నిన్న బండి కట్టి తాండూరులో వైద్యం చేసే జంగప్ప తాత దగ్గరికి తీసుకుపోయాడు.

తాత నాడి పట్టి నన్నే అడిగాడు. "ఏ యాళ్లకు తింటవు బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే నా పెనిమిటి అందుకున్నాడు. "మా ఇంట్ల తిండికేం కొదువ లేదు తాతా. మస్తు పండుతది."

"నేనడిగింది యాళ్ల. పండిన పుట్లు కాదు."

ధనియాలు, జీలకర్ర రాత్రి నానేసి ఆ నీళ్ళు పరగడుపున తాగమన్నాడు తాత. కారం, పులుపు తగ్గించి పల్చటి మజ్జిగ పోసుకోమన్నాడు. "గివన్నీ ఒకెత్తు. పొద్దెక్కంగనే అందరితోని కూసోని వేడిది తినాలె. ఖాళీ కడుపుల ఎంత మందు పోసినా మంట సల్లారది," అన్నాడు.

నా పెనిమిటి ధనియాలు మంచివే ఏరి కొన్నాడు. ఇంటికొచ్చి తల్లికి అన్నీ వరుసగా చెప్పాడు. తినే వేళ సంగతి చెప్పలేదు. మరిచాడో, అది మందుల్లోకి రాదనుకున్నాడో.

ధనియాలు, జీలకర్ర రాత్రే నానేసిన అత్త హన్మమ్మ ఇప్పుడు ఆ నీళ్ళు గిలాసలో తెచ్చి నా చేతికిచ్చింది. వంగినప్పుడు ఆమె కొంగు ముడి నా మోకాలికి తగిలింది. వాము వాసన. పదకొండేళ్ళుగా అది ఆమె ఒంటి వాసనే అనుకున్నాను.

"నీకు గూడ మండుతదా అత్తా?"

"నలబై ఏండ్ల సంది. ఆడిదానికి ఉండేదే గది. రెండు గింజలు నములుడు, మింగుడు. మా అత్త కొంగుల గూడ ఉండె."

తేలిగ్గానే అంది. నాకు మాత్రం గిలాస చేతిలో బరువెక్కింది. ఆమె కొంగు ఏదో ఒక రోజు నా కొంగు అవుతుంది.

రొట్టెలన్నీ కొట్టి గుడ్డలో చుట్టాను. పెనం దించి, కట్టెలు వెనక్కి లాగాను. మగవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నాలుగు పళ్ళేల పక్కన ఇంకో రెండు పెట్టాను.

మామ పొయ్యి వైపు చూశాడు. "పెనం మీదిదేది?"

అత్త ముఖం చూస్తూ, మామకు వినబడేటట్టు చెప్పాను. "జంగప్ప తాత ఇంకొక మందు గూడ చెప్పిండు అత్తా. పొద్దెక్కంగనే అందరితోని కూసోని తినుమన్నడు. నీ కొడుకు చెప్పుడు మరిసిండు."

నా పెనిమిటి తల వంచుకున్నాడు. నేను కూర్చున్నాను. పైట కప్పుకున్నాను. అత్త గడప దగ్గరే నిలబడింది. ఆమె చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది, అక్కడే కాసేపు ఆగింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని రొట్టె తుంచింది.

ఆరుగురం నమిలే చప్పుడొక్కటే. రొట్టె ఇంకా వేడిగానే ఉంది.