పెరటి పొయ్యి వెలిగించే మనిషి

ఇరవయ్యో పిండిముద్ద మీద తడిగుడ్డ కప్పేసరికి వంటావిడ నడుం పట్టేసింది. పొద్దున ఏడింటికి మొదలుపెట్టిన పని. మధ్యలో నిలబడే ఏదో ఇంత తిన్నానిపించడం తప్ప కూర్చున్నది లేదు. సాయంత్రం ఐదింటికి చుట్టాలూ స్నేహితులూ దిగుతారు. పెరట్లోని గ్యాస్ పిజ్జా పొయ్యి అప్పటికి కణకణలాడుతూ ఉండాలి.

ఆ పొయ్యి అంటే అయ్యగారికి పంచప్రాణాలు. దాని ఊడిగం మాత్రం ఈవిడది. లోపలి రాతిపలక నీళ్లు తగిలితే పగులుతుంది కాబట్టి పొడి బ్రష్‌తోనే మసి గీకాలి. పూర్తిగా చల్లారేదాకా కాపలా ఉండి అప్పుడు తొడుగు కప్పాలి. వెలిగించి అరగంట కాచేదీ ఆవిడే. పలక బాగా కాగాక అయ్యగారు కొత్త ఏప్రన్ కట్టుకుని వస్తారు, పొడుగు కాడ ఉన్న రేకుతో పిజ్జా లోపలికి తోస్తారు, వచ్చినవాళ్లు చప్పట్లు కొడతారు. దీన్ని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వనని ఆయన గొప్పగా చెబుతుంటే, వంటగది కిటికీలోంచి విని ఆవిడ నవ్వుకునేది. ఆ నవ్వు పోయిన నెలతో సరి.

పోయిన నెల లైటర్ నొక్కగానే మంట భగ్గున మొహం మీదికి లేచింది. కుడి కనుబొమ్మ మాడిపోయింది. అమ్మగారు కాటుక పెన్సిల్ ఇచ్చి దిద్దుకోమన్నారు. చూసినవాళ్లు నవ్వారు. ఇంటికెళితే ఆవిడ కూతురు మాత్రం నవ్వలేదు. ఆ చోటు వేలితో తడుముతూ, కళ్లు పోయుంటే ఏం చేసేదానివమ్మా అని అడిగింది. ఆ మాట ఆవిడ లోపల ముల్లులా గుచ్చుకునే ఉంది.

గ్యాస్ పైపు పొయ్యి కాలికి ఆని, ఆ వేడికి పాడవుతోందని ఆవిడ మూడుసార్లు చెప్పింది. చూద్దాంలే అన్నారు. ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ఈరోజు పొయ్యి దగ్గరికి వెళ్లి సిలిండర్ మీట తిప్పగానే గ్యాస్ వాసన ముక్కుకి తగిలింది. కట్టేసి, గిన్నెలో సబ్బు నురగ కలిపి తెచ్చి, మీట మళ్లీ కొద్దిగా తిప్పి, పైపు పొడుగునా రాసింది. పొయ్యి కాలి పక్కన ఒక బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. గబగబా సిలిండర్ కట్టేసింది.

గేటు దగ్గర కార్లు ఆగుతున్నాయి. ఇంకా వెలిగించలేదేమని అమ్మగారు వచ్చి అడిగారు. సంగతి చెబితే, టేపు చుట్టి ఈ పూటకి కానిమ్మన్నారు. లోపలి స్టవ్ మీద పెనంలో కాలుస్తానంది వంటావిడ. అదీ ఒక పిజ్జాయేనా, ఏమీ కాదు వెలిగించు అని విసుక్కుంటూ అయ్యగారు వచ్చారు. అప్పటికే ఏప్రన్ కట్టుకున్నారు. వెనకాలే వచ్చినవాళ్లంతా ఉన్నారు.

"నువ్వు కాకపోతే ఇంకో మనిషి దొరుకుతుంది. ఆలోచించుకో," అన్నారాయన గొంతు తగ్గించి.

ఈ పని పోతే ఇంటద్దె ఎలా, పిల్ల బడి ఎలా అని ఆవిడ లెక్క వేసుకుంది. చెయ్యి దానంతటదే లైటర్ దాకా వెళ్లింది. తీసుకుంది. తీసుకెళ్లి అయ్యగారి చేతిలో పెట్టింది.

"ఈ పైపుతో నేను వెలిగించనండి. ఏమీ కాదంటున్నారుగా, మీరే నొక్కండి."

అయ్యగారు లైటర్ని చూశారు, పైపుని చూశారు. తనకి తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన వెనకున్నవాళ్లు నాలుగడుగులు వేశారు. ఆ అడుగులు చూశాక వంటావిడకి బెదురు తగ్గింది.

అయ్యగారు తోటమాలిని కేకేశారు. ముసలాయన చేతుల మట్టి దులుపుకుంటూ వచ్చి, ఏమైందని వంటావిడని అడిగాడు.

"పైపు లీకవుతోంది బాబాయ్."

అయ్యగారు లైటర్ ఆయన ముందుకి చాచారు. ముసలాయన దాన్ని చూసి, ఆవిడ సగం మొలిచిన కనుబొమ్మని చూసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"నాకున్నవీ రెండు కళ్లేనండి," అన్నాడు.

అయ్యగారి చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.