మిరప కుప్పలో మార్త

ముప్పయ్యేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాడికి ఎర్ర సిరా పెన్ను ఒకటి మిగులుతుంది. నాకూ మిగిలింది. 1984 కార్తీకమాసంలో ఒక ఉదయం జక్రయ్య మూడు నోటుపుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టగానే ముందు ఆ పెన్నే వెతుక్కున్నాను. జక్రయ్య ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. గుంటూరులో చిన్న ప్రెస్సు పెట్టుకుని క్రైస్తవ పుస్తకాలూ శుభలేఖలూ అచ్చేస్తుంటాడు.

"నవల మాస్టారండీ. ప్రేమా ఉంది, హత్యా ఉంది, ప్రార్థనా ఉంది. మావాళ్ళ చేత చదివిస్తే ఆమెన్ అనేసి ఊరుకుంటారు. మీరైతే తప్పులు పడతారు. మీరు సరేనంటేనే అచ్చు" అన్నాడు.

రాసినావిడ పేరు దయామణి. పెదకాకాని దగ్గర ఒక మిషన్ బడిలో టీచరు. ఇదే మొదటి రచన. తల్లి ప్రకాశమ్మ మిర్చి కొట్టులో కాయలకు తొడిమలు తీసే పని చేస్తుంది. ఆమెకు చదువు రాదు. పుస్తకం అచ్చయ్యాక ఆ కొట్టులోనే కూర్చుని అమ్మకీ, అమ్మతో పనిచేసే ఆడవాళ్ళకీ చదివి వినిపించాలని దయామణి కోరికట.

"ఇంకేమీ అడగలేదండీ" అన్నాడు జక్రయ్య. ఆ మాట విన్నాను గానీ పట్టించుకోలేదు. రాసినవాళ్ళ కోరికలతో విమర్శకుడికేం పని అనుకునేవాణ్ణి అప్పట్లో.

కథ చిన్నదే. మిర్చి కొట్టులో పనిచేసే మార్త అనే అమ్మాయి అక్కడి గుమస్తా చేసిన హత్యను కళ్ళారా చూస్తుంది. వాడు ఆమె వెంటపడతాడు. చర్చిలో హార్మోనియం వాయించే శామ్యూలు ఆమెను ప్రేమిస్తాడు. రెండు రోజుల్లో చదివేశాను. నిజం చెప్పొద్దూ, రెండో రోజు మా ఆవిడ కామేశ్వరి భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

నాలుగు పేజీల అభిప్రాయం రాశాను. ముందు గుణాలు. ఉన్నది ఒక్కటే పాటల పుస్తకం కాబట్టి మార్తా శామ్యూలూ చెరో అంచూ పట్టుకుని పాడతారు. వేళ్ళు తగలవు. చదివేవాడికి మాత్రం తగిలినట్టే ఉంటుంది. మార్త ప్రార్థన చేస్తుంది, చేశాక కూడా భయపడుతూనే ఉంటుంది. ఇలా రాయడానికి నిజాయితీ కావాలని మెచ్చుకున్నాను.

తరవాత దోషాలు. అక్కడికి రాగానే నా చేతికి హుషారొచ్చింది. రెండు పేజీలకొక బైబిలు వచనం వచ్చి కథకు అడ్డంగా నిలబడుతోందన్నాను. శామ్యూలు పరుగెత్తాల్సిన చోట మోకాళ్ళ మీద పడతాడన్నాను. హంతకుడికి చివరి పేజీన్నరలో మారుమనసు కలుగుతుంది. అంత తొందరగా మా ఇంట్లో పాలు కూడా తోడుకోవని రాశాను.

అన్నిటికన్నా పెద్ద దోషం పంతొమ్మిదో అధ్యాయం అన్నాను. తలుపులు మూసిన కొట్టులో మార్త మిరపకాయల కుప్పలో గంటసేపు దాక్కుంటుంది. దగ్గదు, తుమ్మదు. ఎప్పుడూ వీధి గదిలో లెక్కలు రాసుకునే గుమస్తా ఆమెను వెతకడానికి కుప్పల మధ్యకు వచ్చి తుమ్ముతాడు. ఆ తుమ్మును బట్టి వాడెక్కడున్నాడో తెలుసుకుని ఆమె రెండోవైపు నుంచి తప్పించుకుంటుంది. 'మా వంటింట్లో తాలింపులో రెండు ఎండుమిరపకాయలు పడితే వీధి అరుగు మీద నేను తుమ్ముతాను. ఇది నమ్మశక్యం కాదు. పత్తి కుప్పగా మార్చవలెను' అని రాసి, కింద రెండు గీతలు గీశాను. జక్రయ్య ఆ కాగితాలు కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళాడు.

ఫాల్గుణంలో పుస్తకం వచ్చింది. దయామణే తెచ్చింది. ముప్పయ్యేళ్ళుంటాయి. పుస్తకం నా చేతికిచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"మీరు చెప్పినట్టే మార్చాను మాస్టారూ. మార్చకపోతే అచ్చెయ్యనన్నారు జక్రయ్యగారు."

"చదివి వినిపించావా అమ్మా, మీ వాళ్ళకి?"

"వినిపించానండి. పద్దెనిమిది అధ్యాయాలు చెవులు రిక్కించుకుని విన్నారు. మార్త పత్తి కుప్పలో దూరిందనగానే పక్కున నవ్వారు. 'ఓసి దీని తెలివి తెల్లారా, ఊపిరాడక అందులోనే చస్తదే' అన్నారు. ఇంక ఆ తర్వాత ఎవరూ వినలేదు. అమ్మ ఒక్కతే నవ్వలేదండి. లేచి వెళ్ళిపోయింది."

నేను పుస్తకంలో పంతొమ్మిదో అధ్యాయం తీశాను. ఆవిడే మళ్ళీ చెప్పింది.

"మిరప కుప్పలో దాక్కుంది అమ్మేనండి. నేను పుట్టకముందు. హత్య నేను కల్పించాను. గుమస్తా వెంటపడ్డం నిజం. ఎవరికీ చెప్పుకోలేక నాకొక్కదానికే చెప్పింది. మార్త పేరు పెట్టి అందరి మధ్యా చదువుతానంటే ఒప్పుకుంది. పుస్తకంలో నిజంగా జరిగింది అదొక్కటేనండి. మీరు మార్చమంది కూడా అదే."

సిగ్గుపడాల్సింది పోయి నాకు కోపం వచ్చింది. పండితుల జబ్బు అది.

"జరిగినంత మాత్రాన నమ్మాలని లేదమ్మా. ఆ ఘాటులో మనిషి తుమ్మకుండా ఎలా ఉంటుంది?"

"వచ్చి చూడండి మాస్టారూ. శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం నోటుపుస్తకంలోని పాత అధ్యాయం చదువుతున్నాను. అమ్మని బతిమాలి ఒప్పించాను. ఈసారీ నవ్వితే మాత్రం, అమ్మ ఇంకెప్పుడూ నోరు విప్పదు."

శనివారం వెళ్ళాను. కొట్టు ఇంకా ఇరవై అడుగులుండగానే నా ముక్కు మండింది. కండువా అడ్డం పెట్టుకుని ఓరగా వేసిన తలుపు దాకా వెళ్ళి లోపలికి చూశాను. మనిషెత్తు ఎర్రటి కుప్పలు. వాటి చుట్టూ పాతికమంది ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ తొడిమలు తీస్తున్నారు. ఒక్కరూ దగ్గడం లేదు. గోతాల మీద ఏడాది పిల్ల ఒకతి వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతోంది. ఆ పిల్లను చూసి నాకు చచ్చేంత సిగ్గేసింది.

దయామణి నన్ను చూసి లోపలికి రమ్మని సైగ చేసింది. గడప మీద కాలు పెట్టానో లేదో కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. వెనక్కి వచ్చి తలుపు చాటున నిలబడ్డాను. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. మొదట ఎవరో కిసుక్కుమన్నారు. మార్త మిరప కుప్పలోకి దూరేసరికి కబుర్లు ఆగిపోయాయి. కుప్ప పక్కనే తలవంచుకుని కూర్చున్న ఒక పెద్దావిడ చేతులు కాయల మీద కదలడం మానేశాయి. ఆవిడే ప్రకాశమ్మ అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"'గుమస్తా తలుపు దాకా వచ్చాడు. మార్త కళ్ళు మూసుకుంది. ప్రభువా, నాకు భయంగా ఉంది అనుకుంది.'"

తరవాతి వాక్యం నాకు తెలుసు, గుమస్తా తుమ్ముతాడు. నేను ఎర్ర గీతలు గీసింది ఈ ఘట్టం గురించే. కండువా నోట్లో కుక్కుకున్నాను. లాభం లేకపోయింది. ఆవిడ ఆ వాక్యం అందుకునేలోగా తలుపు చాటు నుంచి నేను తుమ్మాను. వెంటనే ఇంకోటి.

లోపల దయామణి గొంతు ఆగింది. పాతికమందీ తలుపు వైపు తిరిగారు. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ గోతాల మీది పిల్లను తీసి గుండెలకు హత్తుకుంది. ప్రకాశమ్మ మాత్రం తల ఎత్తి చాలాసేపు తలుపు వంక చూసింది.

"చదవ్వే" అంది కూతురితో. "వాడు తలుపు దగ్గరే ఉన్నాడు. మార్తని ఆ పక్క నుంచి పొమ్మను."

దయామణి చదివింది. కళ్ళూ ముక్కూ కారిపోతున్నా నేను అక్కణ్ణించి కదల్లేదు. మార్త బయటపడేదాకా నేనక్కడ ఉండాలి.