బల్ల మీద బకెట్టు

మందిరంలో తుడిచిన నేల ఇంకా ఆరలేదు. పాస్టరు గారు చెప్పులతోనే దాని మీదుగా నడిచొచ్చి, "బల్ల మీదకి తెల్లగుడ్డ ఇస్త్రీ అయిందా?" అని భార్యని అడిగారు. ఆ రోజు ఆరాధనలో సంఘస్తులంతా తమ పనిముట్లు తెచ్చి బల్ల మీద పెడితే, ఆయన వాటి కోసం ప్రార్థన చేస్తారు.

"మరి నేనేం పెట్టాలండీ?"

"నువ్వా? నీకేం ఉద్యోగమా సద్యోగమా! ఆరాధన అయ్యాక అందరికీ టీ చూడు, చాలు."

కుర్చీలో ఉన్న అత్తగారు, "అదృష్టవంతురాలివమ్మా, నీడపట్టున కూర్చుని తినే రాత," అని దీవించింది.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కూర్చునేదెవరు? మందిరం ఊడ్చి తుడిచేది తను, వచ్చినవాళ్ళకి వండి వార్చేది తను, సంఘంలో ఎవరికి పురుడొచ్చినా జ్వరమొచ్చినా పరుగెత్తేది తను. పాస్టరమ్మంటే పాస్టరు గారితో పాటు ఉచితంగా వచ్చే సామాననుకున్నారు కాబోలు! పెళ్ళికి ముందు బడిలో లెక్కలు చెప్పేది. భిన్నాలు అర్థమై ఏ పిల్ల మొహమైనా వెలిగితే, దేవుడు తనని ఇందుకే పుట్టించాడనుకునేది. "ఇంట్లో ఒకరికి దేవుని పిలుపుంటే చాలు," అని ఈయనే మాన్పించారు. ఆ మాటకి అప్పుడు తలూపినందుకు ఇప్పటికీ తన మీద తనకే కోపం.

ప్రసంగం మాత్రం బాగుంది. "పని శాపం కాదు. పాపం రాకముందే ఏదెను తోటలో దేవుడు మనిషి చేతికి పని ఇచ్చాడు. ఏ పనీ చిన్నది కాదు!" అందరూ ఆమేన్ అన్నారు. ఆమె కూడా అంది. నమ్మింది కాబట్టే లేచింది.

వడ్రంగి చిత్రిక, దర్జీ కత్తెర, నర్సు స్టెతస్కోపు బల్ల మీద చేరాయి. వాటి పక్కన ఆమె తుడుపుగుడ్డతో సహా బకెట్టు పెట్టింది. తెల్లగుడ్డ మీదకి మురికినీళ్ళు కారాయి. అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. అందరూ చూస్తుంటే పాస్టరు గారికి దాని మీదా చెయ్యి చాచి ప్రార్థించక తప్పలేదు.

ఆరాధన ముగిసింది. ఎవరి పనిముట్టు వాళ్ళు తీసుకున్నారు. ఆమె ముందు వరుసలో కూర్చునే ఉంది.

"ఆ బకెట్టు తియ్యి. టీ ఏదీ?" అన్నారాయన పళ్ళు కొరుకుతూ.

"దేవుడికిచ్చేశానండీ. ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదని మీరేగా చెప్తారు," అంది ఆమె. "దానికి పిలుపున్నవాళ్ళెవరో వచ్చి తీసుకుంటారు లెండి. నా పిలుపు బడిలో ఉంది. రేపు వెళ్తున్నాను."