రాయి రుచి

గిన్నెలు తోమడం అయ్యాక, ఆమె అదే పంపు కింద మొగుడు సంచిలో మోసుకొచ్చిన ముక్కల్ని పాత టూత్‌బ్రష్‌తో తోముతూ కూర్చుంది. ఆయన ప్రొఫెసరు. మాంసం తినే భారీ డైనోసార్ల ఎముకలు ఏరడంలో ఆయనంతటివాడు లేడని పేరు. ఏరేది ఆయనే, ఏది ఎముకో ఏది రాయో తేల్చేది మాత్రం పదహారేళ్లుగా ఆమె నాలుక. ఎన్ని యుగాలు మట్టిలో ఉన్నా ఎముకలో సన్నని రంధ్రాలుంటాయి, నాలుకకి ఆనిస్తే పట్టుకుంటుంది. మామూలు రాయి జారిపోతుంది. ఆయనకి ఆ ఎంగిలి పనంటే రోత.

ఆమె కూడా ఆ చదువే చదివింది. పెళ్లితో ఆపించారు. ఒకసారి తొడ ఎముక విరిగినచోట లోపల గుల్లగా ఉండటం చూసి, ఇది ఆకులు తినేదానిది కాదండీ, వేటాడేదానిది అని చెప్పింది ఆమే. ఆ ఎముకతోనే ఆయన పెద్దవాడయ్యాడు. దాని మీద రాసిన వ్యాసం చివర జీపు డ్రైవరుకి కూడా కృతజ్ఞతలు చెప్పాడు. నన్ను మర్చిపోయారేం అంటే, "ఇంట్లోవాళ్లకి థాంక్స్ ఏమిటే, పరాయిదానివా?" అని నవ్వాడు. అత్తగారైతే చుట్టాలకి "రాళ్లు నాకే కోడలు" అనే పరిచయం చేస్తుంది. మొన్న భోజనాల దగ్గర, శిష్యులందరి ముందూ ఆయన అన్నమాట: "మా ఆవిడకి కూరలో ఉప్పు తెలీదు గానీ, రాయి రుచి బాగా తెలుసు." అందరూ విరగబడి నవ్వారు. వడ్డిస్తూ ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే తన మీద తనకే అసహ్యం.

ఈసారి సంచిలో జానెడు పొడవున, కొడవలిలా వంగిన ముక్క దొరికింది. వేటజంతువు గోరని ఆయన తవ్వినచోటే పత్రికలవాళ్లకి చెప్పేశాడు. రేపే సభ. ఈ విద్యలో తలపండిన పెద్దావిడ ఒకరు వస్తున్నారు. ఆవిడ గురించీ ఆయనే ఎగతాళిగా చెప్పాడు. ఏ ముక్క చేతికిచ్చినా ముందు నాలుక మీద పెట్టుకుంటుందట, వేదిక మీదున్నానని కూడా చూడదట.

ఆమె ముక్కని కొంగుతో తుడిచి నాలుకకి ఆనించింది. జారిపోయింది. మళ్లీ ఆనించింది. చల్లగా, నున్నగా మళ్లీ జారింది.

రేపటి చొక్కా తొడిగి చూసుకుంటూ ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమే, అంటుకుందా?"

పదహారేళ్లలో ఆమె ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

"అంటుకుందండీ," అంది. "రేపు సభకి నేనూ వస్తాను. ముందు వరసలో కూర్చోబెట్టండి."